మంచు మీది కెప్టెన్, బెంచీ వెనక కోచ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

రెండు సంచికల కిందట ఈ శీర్షికలో అమెరికాలోని రాలీ నగరం గురించి రాస్తూ, అక్కడి తెలుగు పిల్లలు క్రికెట్టుతో పాటు ఐస్ హాకీ మీద కూడా మోజు పడుతున్నారని ఒక వాక్యం రాశాం. ఆ ఒక్క వాక్యం మీద వచ్చినన్ని ఉత్తరాలు అసలు వ్యాసం మీద రాలేదు. అందుకని ఈసారి జవాబులన్నీ వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మేము రాలీ పక్కనే ఉన్న కేరీలో పదకొండేళ్ళుగా ఉంటున్నాం. మా అబ్బాయికి కరోలినా హరికేన్స్ జట్టంటే ప్రాణం. ఆటగాళ్ళు హెల్మెట్లు పెట్టుకుని బెంచీ మీద రొప్పుతూ కూర్చుంటే, వాళ్ళ వెనకాల ఒకాయన సూటు వేసుకుని చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. "అమ్మా, ఆయన ఒకప్పుడు ఈ జట్టుకే కెప్టెన్, పైకప్పు కింద వేలాడే పదిహేడో నంబరు చొక్కా ఆయనదే" అంటాడు మావాడు. ఆయన కథేమిటో చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, కేరీ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజమమ్మా. ఆయన పేరు రాడ్ బ్రిండమోర్. 1970 ఆగస్టు 9న కెనడా రాజధాని ఒట్టావాలో పుట్టి, ఆ దేశానికి పడమటి కొసన వాంకూవర్ ద్వీపంలో ఉన్న క్యాంప్‌బెల్ రివర్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. హైస్కూలు చదువు కోసం సస్కాచువాన్ రాష్ట్రపు బయలు ప్రాంతంలో ఉన్న నోటర్ డేమ్ అనే హాస్టల్ బడిలో చేరాడు. 1988లో ఆ బడి జట్టు కెనడా జూనియర్ స్థాయి జాతీయ కప్పు గెలిచింది. ఆ వేసవిలోనే నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్టులో సెయింట్ లూయిస్ బ్లూస్ జట్టు అతన్ని తొమ్మిదో స్థానంలో ఎంచుకుంది. ఈ డ్రాఫ్టును మన ఐపీఎల్ వేలంలా ఊహించుకోకూడదు. ఇందులో డబ్బుల పాట ఉండదు, జట్లు వంతుల వారీగా కొత్త కుర్రాళ్ళను పంచుకుంటాయి, కిందటి ఏడాది వెనకబడిన జట్లకు ముందు వంతు వస్తుంది.

ఒక ఏడాది మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆడి, 1989 ప్లేఆఫ్స్‌లో, అంటే సీజన్ చివర కప్పు కోసం జరిగే పోరులో, బ్లూస్ తరఫున తొలిసారి ఎన్‌హెచ్‌ఎల్ మంచు మీద కాలు పెట్టాడు. కండబలం మీద అతనికి ఉన్న శ్రద్ధ చూసి తోటివాళ్ళు "రాడ్ ద బాడ్" అని ముద్దుపేరు పెట్టారు, ఆ పేరు ఈనాటికీ పోలేదు. 1991లో బ్లూస్ అతన్ని ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌కు ఇచ్చేసింది. అక్కడ 1993–94 సీజన్‌లో 35 గోల్స్, 62 అసిస్టులతో 97 పాయింట్లు సంపాదించాడు. గోల్ కొట్టినవాడికీ, దానికి ముందు పక్, అంటే ఈ ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ, అందించిన ఇద్దరి దాకా తలా ఒక పాయింటు ఇస్తారు కాబట్టి ఇలా రెండూ కలిపి లెక్కపెడతారు. అయితే నా దృష్టిలో ఫిలడెల్ఫియా రోజుల్లో చెప్పుకోదగ్గ అంకె ఇది కాదు. 1993 నుంచి 1999 దాకా ఒక్క మ్యాచ్ కూడా మానకుండా వరసగా 484 మ్యాచ్‌లు ఆడాడు, ఆ జట్టు చరిత్రలో అది రికార్డు. ఒళ్ళంతా దెబ్బలు తగిలే ఆటలో ఆరేళ్ళకు పైగా సెలవు పెట్టకుండా పనికి వచ్చినవాడి స్వభావం ఎలాంటిదో ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు.

2000 జనవరిలో ఫిలడెల్ఫియా అతన్ని కరోలినాకు ఇచ్చి కీత్ ప్రిమోను తీసుకుంది. ప్రిమో అప్పటిదాకా కరోలినా కెప్టెన్. జీతం దగ్గర పేచీ వచ్చి ఆ సీజన్‌లో మంచు మీదికి రాకుండా కూర్చున్నాడు. కరోలినా జట్టు కూడా కొత్తకాపే. 1997లో కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్ నుంచి మూటాముల్లె సర్దుకుని వచ్చి, రెండేళ్ళు గ్రీన్స్‌బరోలో తలదాచుకుని, 1999లో రాలీ అరీనాలోకి గృహప్రవేశం చేసింది. బాస్కెట్‌బాల్ తప్ప మరో ఆట పట్టని ఊళ్ళో, మంచు అంటే చలికాలంలో ఒకటి రెండుసార్లు పడి బడులు మూయించే వింత అనుకునే జనం మధ్య, ఐస్ హాకీ నిలబడుతుందని ఆనాడు నమ్మినవాళ్ళు తక్కువ.

బ్రిండమోర్ రెండుసార్లు ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయాడు. 1997లో ఫిలడెల్ఫియా తరఫున, 2002లో కరోలినా తరఫున. రెండుసార్లూ ఎదుటి జట్టు డెట్రాయిట్ రెడ్ వింగ్సే, ఆ జట్టు కోచ్ కూడా రెండుసార్లూ స్కాటీ బోమనే. ఆ పేరు గుర్తుంచుకోండి, కింద మళ్ళీ వస్తుంది. 2004–05 సీజన్ యజమానులకూ ఆటగాళ్ళకూ మధ్య తగవుతో మొత్తానికే రద్దయింది. ఆట మళ్ళీ మొదలయ్యాక, 2005లో, ముప్పై అయిదేళ్ళ వయసులో బ్రిండమోర్ కెప్టెన్ అయ్యాడు.

ఆ సీజన్ చివర 2006 జూన్‌లో ఎడ్మంటన్ ఆయిలర్స్‌తో ఫైనల్. ఇక్కడ ఫైనల్ అంటే ఒక్క మ్యాచ్ కాదు, ఏడింటిలో ముందు నాలుగు గెలిచినవాళ్ళదే కప్పు. మొదటి మ్యాచ్‌లో కరోలినా 0–3తో వెనకబడి, పుంజుకుని, చివరికి 4–4 దగ్గర ఆగింది. ఇంతలో ఎడ్మంటన్ గోలీ (గోల్ కీపర్) డ్వేన్ రోలసన్ మోకాలికి దెబ్బ తగిలి బయటికి వెళ్ళిపోయాడు. అతని బదులు వచ్చిన టై కాంక్లిన్, ఆట ఇంకా అర నిమిషం మిగిలి ఉండగా, గోల్ వెనక్కి వెళ్ళి పక్‌ను సొంత జట్టువాడికి అందించబోయాడు. అందాల్సిన పక్ కర్రల మధ్య తడబడి ఖాళీ గోల్ ముందుకు దొర్లింది. అక్కడ ఉన్నది బ్రిండమోర్. దాన్ని లోపలికి తోయడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు, కానీ ఆ క్షణంలో అక్కడ ఉండటం నైపుణ్యమే. పోరు ఏడో మ్యాచ్ దాకా సాగింది. జూన్ 19న రాలీలోనే కరోలినా 3–1తో గెలిచింది. లీగ్ కమిషనర్ పక్కన నిలబడి ఫొటోకు నవ్వే ఆనవాయితీకి కూడా ఆగకుండా, లీగ్ విజేతకు ఇచ్చే దాదాపు పదహారు కిలోల స్టాన్లీ కప్పును అందుకుని తల మీదికి ఎత్తేశాడు బ్రిండమోర్. తరవాత దాన్ని ఎవరికి ఇచ్చాడంటే, తనలాగే ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పెద్దవాడు గ్లెన్ వెస్లీకి.

2010 జూన్ 30న ఆటకు వీడ్కోలు చెప్పేనాటికి లెక్క ఇది: 1,484 మ్యాచ్‌లు, 452 గోల్స్, 732 అసిస్టులు. పదిహేడో నంబరు చొక్కాను 2011 ఫిబ్రవరి 18న పైకప్పు కిందికి ఎక్కించారు. ఇక ఆ జట్టులో ఆ నంబరు ఎవరూ వేసుకోరు.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. పచ్చిక మీద ఆడే హాకీ తెలుసు గాని ఈ మంచు హాకీ తెలియదు. బ్రిండమోర్ రెండుసార్లు "సెల్కీ ట్రోఫీ" గెలిచాడని మా మనవడు చెప్పాడు. గోల్స్ ఎక్కువ కొట్టినవాడికి ఇస్తారా అంటే కాదన్నాడు. మరి దేనికిస్తారు?
— విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ మనవడు మంచి ప్రశ్న దగ్గర వదిలేశాడు. ఐస్ హాకీలో ఒక్కో జట్టు నుంచి గోలీ కాక అయిదుగురు మంచు మీద ఉంటారు: ముగ్గురు ముందుండి దాడి చేసేవాళ్ళు, ఇద్దరు వెనకుండి కాచేవాళ్ళు. ముందున్న ముగ్గురిలోనూ గోల్ కొట్టడం కంటే గోల్ పడకుండా ఆపడంలో ఎక్కువ రాణించినవాడికి ఏటా ఇచ్చే బహుమతి సెల్కీ ట్రోఫీ. బ్రిండమోర్‌కు అది 2006లో, 2007లో వరసగా వచ్చింది. మీ భాషలో చెప్పాలంటే, కబడ్డీలో కూతకు వెళ్ళి పాయింట్లు తెచ్చే కుర్రాడే, తిరిగొచ్చాక మూలన నిలబడి ఎదుటి రైడర్ చీలమండ పట్టుకోగలిగితే వచ్చే పేరు లాంటిది.

దీనితో ముడిపడిన మరో విద్య ఫేస్‌ఆఫ్. ఆట ఆగిన ప్రతిసారీ రెండు జట్ల సెంటర్లు, అంటే ముందు ముగ్గురిలో నడుమ ఆడేవాళ్ళు, ఎదురెదురుగా వంగి నిలబడతారు, రెఫరీ గాని అతని సహాయకుడు గాని ఇద్దరి మధ్యా పక్ వదులుతాడు, అది ఎవరి వైపు వెళితే ఆట వాళ్ళ చేతిలో ఉంటుంది. పక్ అంటే అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు ఉన్న గట్టి రబ్బరు బిళ్ళ. ఎగిరెగిరి పడకుండా ముందే గడ్డకట్టించి తెస్తారు. ఒక్క మ్యాచ్‌లో ఇలాంటి ముఖాముఖీలు యాభై అరవై దాకా జరుగుతాయి. ఉత్త అదృష్టమైతే సగం సగం రావాలి. 2005–06లో బ్రిండమోర్ నూటికి 59 దాకా గెలిచాడు. వినడానికి తొమ్మిదే ఎక్కువ గాని, సీజన్ పొడవునా వేల సంఖ్యలో వచ్చే ఎత్తుల్లో ఆ తొమ్మిది చాలా పెద్దది.

కొన్నేళ్ళ కిందట మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు రాలీ అరీనాలో అద్దానికి దగ్గరి వరసలో కూర్చుని దీన్ని చూశాను. టీవీలో రెప్పపాటులో అయిపోయే తంతు దగ్గరనుంచి వేరేలా ఉంటుంది. ఇద్దరూ కర్రను చాలా కిందికి, దాదాపు చెక్క చివర దాకా పట్టుకుంటారు, కాళ్ళు దూరంగా చాపి, నడుం వంచి, ఎదుటివాడి ముఖం వైపు చూడరు, రెఫరీ చేతి వైపు చూస్తారు. ఒకడు భుజం ముందుకు తోశాడని రెఫరీ వాణ్ణి పక్కకు పంపేస్తే మరొకడు వచ్చి వంగుతాడు. పక్ పడిన చప్పుడు వినిపించేలోపు కర్రలు ఖణేలుమంటాయి, గీరిన మంచు పొడి లేస్తుంది, అప్పటికి పని అయిపోయి ఉంటుంది. పక్కనున్న పెద్దాయన నన్ను చూసి, ఇలాంటివి రోజూ ప్రాక్టీసు అయ్యాక కూడా ఒంటరిగా సాధన చేసేవాళ్ళే ఇందులో నిలబడతారని చెప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టని పనిలో బ్రిండమోర్ పేరు తెచ్చుకున్నాడన్నది ఇక్కడ అసలు సంగతి. అతను కోచ్‌గా ఏమయ్యాడో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ప్రశ్న: ఆటగాడిగా తన పని అయిపోయిందని ఒక మనిషికి ఎప్పుడు తెలుస్తుంది? బ్రిండమోర్ ఆట మానగానే కోచ్ అయిపోయాడా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అతని విషయంలో మోకాలు ముందు చెప్పింది. 2008 ఫిబ్రవరిలో మోకాలి లిగమెంటు తెగి ఆ సీజన్ అక్కడితో ముగిసింది. తిరిగి వచ్చాడు గాని వేగం తిరిగి రాలేదు. 2009–10 సీజన్ మొత్తంలో తొమ్మిదే గోల్స్. ఆ సీజన్ నడుమనే, 2010 జనవరిలో, కెప్టెన్ పదవిని తన కంటే పద్నాలుగేళ్ళు చిన్నవాడైన ఎరిక్ స్టాల్‌కు అప్పగించారు. మీరు ఒక్కసారి ఊహించండి. కప్పు తెచ్చిపెట్టిన కెప్టెన్ చొక్కా మీది కెప్టెన్ గుర్తు విప్పి ఇచ్చేసి, మర్నాటి నుంచి అదే గదిలో, అదే కుర్రాళ్ళ పక్కన కూర్చుని, మూడో వరసలోనో నాలుగో వరసలోనో, అంటే తక్కువసేపు మంచు మీదికి పంపే బృందాల్లో, ఆడాలి. అలిగి వెళ్ళిపోయినవాళ్ళు ఈ ఆటలో చాలామంది ఉన్నారు. బ్రిండమోర్ వెళ్ళలేదు, ఆ సీజన్ చివరి దాకా ఆడాడు. ఆ మూడు నెలలే అతను కోచింగ్‌లో వేసిన తొలి అడుగని నా నమ్మకం. మంచు మీద సమయం తగ్గిపోయినవాడి మనసు ఎలా ఉంటుందో కప్పు ఎత్తిన రాత్రి తెలియదు, ఇలాంటప్పుడే తెలుస్తుంది.

ఇక వెంటనే హెడ్ కోచ్ అయ్యాడా అంటే, కాలేదు. ఆట మానాక కుర్రాళ్ళకు మెళకువలు నేర్పే పనిలో ఉండి, 2011లో అసిస్టెంట్ కోచ్‌గా చేరి, ఏడేళ్ళు అదే కుర్చీలో ఉన్నాడు. ఈ ఏడేళ్ళలో అతని పైన ముగ్గురు హెడ్ కోచ్‌లు మారారు: పాల్ మోరిస్, కర్క్ ముల్లర్, బిల్ పీటర్స్. జట్టు ఒక్క ఏడాది కూడా ప్లేఆఫ్స్‌కు చేరలేదు. ఊళ్ళో తన చొక్కా పైకప్పు కింద వేలాడుతుంటే దాని కింద నిలబడి, ఏటా ఏప్రిల్‌లో సామాన్లు సర్దుకోవడం చూడాలి. అసిస్టెంట్ పని అంటే వీడియోలు ముక్కలు ముక్కలుగా కత్తిరించడం, ఫేస్‌ఆఫ్‌లు నేర్పడం, హెడ్ కోచ్ తిట్టినవాణ్ణి పక్కకు పిలిచి మాట్లాడటం. పెళ్ళివారింట్లో వంటమేస్త్రీ పక్కన నిలబడి ఉప్పు కారం అందించే మనిషి పని అది. పేరు మేస్త్రీకి వస్తుంది, చేతులు మాత్రం ఇద్దరివీ కాలతాయి.

2018 మే 8న అతన్ని హెడ్ కోచ్‌ను చేశారు. మొదటి సీజన్‌లోనే జట్టు 46 మ్యాచ్‌లు గెలిచి, 2009 తరవాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు చేరి, అంతకు ముందేడు కప్పు గెలిచిన వాషింగ్టన్‌ను ఏడో మ్యాచ్‌లో రెండో ఓవర్‌టైమ్ (అదనపు సమయం)లో ఓడించింది. ఆ జట్టు కెప్టెన్ జస్టిన్ విలియమ్స్, 2006 ఫైనల్లో బ్రిండమోర్ పక్కన ఆడినవాడే. ఆ ఏడాదే సొంత ఊళ్ళో గెలిచిన ప్రతిసారీ ఆటగాళ్ళు మంచు మీద చిన్నపిల్లల్లా గంతులేసి వేషాలు వేస్తే, కెనడా టీవీ వ్యాఖ్యాత డాన్ చెర్రీ వాళ్ళను "వెధవల గుంపు" అన్న అర్థంలో తిట్టాడు. జట్టువాళ్ళు వెంటనే ఆ తిట్టును టీషర్టుల మీద అచ్చువేసి అమ్మారు. మీలో కొందరి పిల్లలు ఇప్పటికీ అవి తొడుక్కుని తిరుగుతుంటారు. 2021లో బ్రిండమోర్‌కు ఆ ఏటి ఉత్తమ కోచ్‌కు ఇచ్చే జాక్ ఆడమ్స్ బహుమతి వచ్చింది.

ప్రశ్న: గొప్ప ఆటగాళ్ళు గొప్ప కోచ్‌లు అవుతారా? మన క్రికెట్టులో అవ్వాలని ఏమీ లేదనిపిస్తుంది. హాకీలో ఎలా ఉంది?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: హాకీలోనూ అంతే. ఆ ఆటకు దేవుడనదగిన వేన్ గ్రెట్స్‌కీ 894 గోల్స్ కొట్టాడు. 2025 ఏప్రిల్ దాకా ఆ అంకెను దాటినవాడు లేడు. అతను అంతకు ముందు ఎక్కడా కోచింగ్ చెయ్యకుండానే 2005లో నేరుగా ఫీనిక్స్ జట్టు హెడ్ కోచ్ అయ్యాడు. నాలుగు సీజన్లలో 143 గెలుపులు, 161 ఓటములు, మరో 24 ఓవర్‌టైమ్ ఓటములు. ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. పక్ ఎటు వెళ్తుందో గ్రెట్స్‌కీకి ముందే కనిపించేది, ఎలా కనిపిస్తుందో మరొకడికి ఎలా చెప్పగలడు? వేలిముద్ర వేరేవాళ్ళకు నేర్పలేం కదా. అతనికి వచ్చిన జట్టు బలహీనమైనదేనన్న మాట కూడా న్యాయంగా చెప్పాలి.

రెండో వైపు స్కాటీ బోమన్ ఉన్నాడు. జూనియర్ స్థాయిలో ఉండగానే 1952లో తలకు కర్ర దెబ్బ తగిలి ఆట ముగిసింది, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. హెడ్ కోచ్‌గా తొమ్మిది స్టాన్లీ కప్పులు గెలిచాడు, అందులో రెండు బ్రిండమోర్ జట్లను ఓడించి గెలిచినవి. టాంపా జట్టుకు కోచ్ అయిన జాన్ కూపర్ అయితే ఒకప్పుడు లాయరు. 2020, 2021లో వరసగా రెండు కప్పులు తెచ్చాడు. మాంట్రియల్ వాళ్ళు 2022లో కోచ్‌గా పిలిచిన మార్టిన్ సెయింట్ లూయిస్ మాత్రం పెద్ద ఆటగాడే, అయితే అప్పటికి అతను నడిపింది చిన్నపిల్లల జట్లనే.

నాకు వీళ్ళందరి కంటే బ్రిండమోర్‌కు దగ్గరగా కనిపించేవాడు పాతకాలపు టో బ్లేక్. ఆటగాడిగా మూడు కప్పులు చూసి, 1948లో కాలు విరిగి ఆట మాని, ఏడేళ్ళు చిన్న లీగుల్లో కోచింగ్ చేసి, 1955లో మాంట్రియల్‌కు వచ్చి పదమూడు సీజన్లలో ఎనిమిది కప్పులు గెలిచాడు. బ్లేక్‌కూ ఏడేళ్ళే, బ్రిండమోర్‌కూ ఏడేళ్ళే. ఇది కాకతాళీయమే కావచ్చు. అయినా ఆటలో ఎంత ఎత్తుకు వెళ్ళాడన్నదాని కంటే, ఆట మానాక కింది మెట్టు మీద ఎంతకాలం కూర్చోగలిగాడన్నదే ఎక్కువ చెబుతుందని నాకనిపిస్తుంది.

ప్రశ్న: కోచ్ సూటు వేసుకుని నిలబడటం తప్ప మ్యాచ్ జరుగుతుండగా ఏం చేస్తాడండీ? ఆడేది వాళ్ళు కదా!
— ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: చాలానే చేస్తాడమ్మా. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు ఆడతారు గాని, గోలీ తప్ప ఏ ఆటగాడూ మామూలుగా ఒక్క దఫాలో ముప్పావు నిమిషం మించి మంచు మీద ఉండడు. అంత వేగంతో స్కేట్లు నడిపితే ఊపిరి అంతే అందుతుంది. ఆట ఆగకుండానే బెంచీ మీదివాళ్ళు గోడ దూకి లోపలికి వెళ్తుంటారు, లోపలివాళ్ళు బయటికి వస్తుంటారు. ఎవరు ఎవరితో వెళ్ళాలి, ఎదుటి జట్టు పెద్ద తలకాయ దిగినప్పుడు వాణ్ణి ఎవరు కాయాలి అన్నది కోచ్ ప్రతి ముప్పావు నిమిషానికీ తేల్చాలి. ఆట ఆగినప్పుడు ముందు ఎదుటివాళ్ళు ఆటగాళ్ళను మార్చుకోవాలి, చివరి మార్పు సొంత ఊరి జట్టుది. అందుకే ఇంటి మ్యాచ్‌లో కోచ్‌కు పని ఎక్కువ, లాభమూ ఎక్కువ.

బ్రిండమోర్ జట్టు ఆడే తీరు చూస్తే అతను ఆడిన తీరే కనిపిస్తుంది. ఎదుటివాడి చేతికి పక్ చిక్కగానే వాడి గోల్ దగ్గరే వెంటాడి ఊపిరి తిప్పుకోనివ్వకపోవడం, సొంత గోల్ ముందు మనిషికి మనిషి కాపలా, అవకాశం చిన్నదైనా పక్‌ను గోల్ మీదికి కొడుతూనే ఉండటం. కంటికి ఇంపుగా ఉంటుందా అంటే, నాకు కొన్ని రాత్రులు విసుగొచ్చింది. ఎదుటి జట్టుకు మాత్రం నరకంలా ఉంటుంది.

ప్రశ్న: భారతీయ మూలాలున్నవాళ్ళు ఎవరైనా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడి కోచ్ అయ్యారా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అయ్యారు. మానీ మల్హోత్రా. తండ్రి పంజాబీ, తల్లి ఫ్రెంచి కెనడియన్, పుట్టింది టొరంటో పక్కన మిస్సిసాగాలో. 1998 డ్రాఫ్టులో న్యూయార్క్ రేంజర్స్ అతన్ని ఏడో స్థానంలో ఎంచుకుంది, మొత్తం 991 మ్యాచ్‌లు ఆడాడు. అతనూ సెంటరే, అతనూ ఫేస్‌ఆఫ్‌ల నిపుణుడే. 2011 మార్చిలో వాంకూవర్ తరఫున ఆడుతుండగా పక్ ఎగిరి ఎడమ కంటికి తగిలి చూపు బాగా దెబ్బతింది. ఆ జూన్‌లో జరిగిన ఫైనల్‌కు ముఖం నిండా కవచం పెట్టుకుని తిరిగొచ్చినప్పుడు వాంకూవర్ ప్రేక్షకులు లేచి నిలబడ్డారు. 2013–14లో కరోలినాకు ఆడాడు. ఆ బెంచీ వెనక అసిస్టెంట్ కోచ్‌గా అప్పుడు నిలబడి ఉన్నది బ్రిండమోరే. ఇద్దరు ఫేస్‌ఆఫ్ మేస్త్రీలు ఒకే గూటిలో! ఆట మానాక వాంకూవర్‌లోనూ టొరంటోలోనూ ఏళ్ళ తరబడి అసిస్టెంట్‌గా పనిచేసి, 2024లో వాంకూవర్ వాళ్ళ రెండో శ్రేణి జట్టు అబ్బట్స్‌ఫర్డ్‌కు హెడ్ కోచ్ అయ్యాడు. మొదటి ఏడాదే, 2025 జూన్‌లో, ఆ శ్రేణిలో అత్యున్నతమైన కాల్డర్ కప్పు గెలిపించాడు.

ప్రశ్న: మీరు బ్రిండమోర్‌ను ఆకాశానికెత్తుతున్నారు గాని, నేను మోరిస్‌విల్‌లో ఉంటూ ఏటా టికెట్లు కొని ఏటా మే నెలలో ఏడుస్తున్న అభిమానిని. 2019 నుంచి 2025 దాకా ఏడు సీజన్లూ ప్లేఆఫ్స్‌కు వెళ్ళాడు, వాటిలో ఒక్కసారీ ఫైనల్‌కు వెళ్ళలేదు. దీనికేమంటారు?
— ఒక అభిమాని, మోరిస్‌విల్

జవాబు: మీ కోపం న్యాయమైనదే, దాన్ని మాటలతో కప్పిపుచ్చను. 2019 నుంచి 2025 దాకా ప్రతి వసంతమూ ఈ జట్టు ప్లేఆఫ్స్‌లో ఉంది, కనీసం ఒక్క దశైనా దాటింది. ఫైనల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్‌కు 2019లో, 2023లో, 2025లో చేరింది. 2019లో బోస్టన్ నాలుగుకు నాలుగూ గెలిచింది, 2023లో ఫ్లోరిడా నాలుగుకు నాలుగూ గెలిచింది. 2023 నాటి మొదటి మ్యాచ్ నాలుగో ఓవర్‌టైమ్ చివరి పదమూడు సెకన్ల దాకా, అంటే మొత్తం 140 నిమిషాల ఆట దాకా సాగి అప్పుడు ఓడారు. మిగతా మూడూ ఒక్కో గోల్ తేడాతోనే పోయాయి. 2009లో ఇదే దశలో పిట్స్‌బర్గ్ చేతిలో నాలుగూ ఓడిన జట్టులో బ్రిండమోర్ ఆటగాడిగా ఉన్నాడు. అలా ఈ దశలో కరోలినా వరసగా 15 మ్యాచ్‌లు ఓడి, 2025 మే 26న ఫ్లోరిడా మీద 3–0తో ఒక్కటి గెలిచి ఊపిరి పీల్చుకుని, తరవాతి మ్యాచ్‌లో ఓడి పోటీ నుంచి తప్పుకుంది. ఆ పదిహేను ఓటములకూ ఆటగాడిగానో కోచ్‌గానో సాక్షిగా నిలిచిన మనిషి ఈయన.

కారణం అడిగితే, నా లెక్కలో కొంత తప్పు అతని పద్ధతిదే. ఎక్కడి నుంచైనా కొడుతూ ఉండండన్న ఆట అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా గెలిపిస్తుంది. మే నెలలో ఎదుటి గోలీ మంచి ఊపులో ఉంటే, వందసార్లు తలుపు తట్టేవాడి కంటే ఒక్కసారి తాళం తీయగలిగిన ఒక్క ఆటగాడు అవసరం. అలాంటివాడు చాలా ఏళ్ళు ఈ జట్టులో లేడు. పని చేసి పైకొచ్చిన మనిషి కాబట్టి పనితోనే అన్నీ అవుతాయని నమ్ముతాడేమో అని నాకొక అనుమానం. అయినా 2024లో యాజమాన్యం ఒప్పందాన్ని పొడిగించింది. ఉన్న కోచ్‌ను పంపడం తేలిక, ఏటేటా వరసగా ప్లేఆఫ్స్‌కు తెచ్చేవాణ్ణి వెతకడం కష్టమని వాళ్ళకు తెలుసు. అంతకు ముందు తొమ్మిదేళ్ళు ఖాళీ కుర్చీలు చూసినవాళ్ళు వాళ్ళు.

మీకు ఓదార్పు కాదు గాని, ఒక విచిత్రం చెబుతాను. 2023లోనూ 2025లోనూ అతన్ని ఓడించిన ఫ్లోరిడా కోచ్ పాల్ మోరిస్. ఒకప్పుడు కరోలినాలో బ్రిండమోర్‌ను ఆడించిన కోచ్ అతనే, 2011లో బ్రిండమోర్ అసిస్టెంట్‌గా చేరినప్పుడు మొదటి పైఅధికారీ అతనే. ఆ రెండేళ్ళ మధ్య, 2024లో, రెండో దశలో ఓడించిన న్యూయార్క్ రేంజర్స్ కోచ్ పీటర్ లావియొలెట్. 2006లో బ్రిండమోర్ తల మీదికి కప్పు ఎత్తిన రాత్రి కరోలినా బెంచీ వెనక సూటు వేసుకుని నిలబడి ఉన్నది ఆయనే.